నాలుగో నిలువు పట్టీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అడిగిన వెంటనే సరే అనే అలవాటు ఎవరికీ లేదు. ఏలూరులో మాది కిరాణా కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. కొట్టుకొచ్చినవాళ్ళు ఒక మాట అంటే మా నాన్న ఒక మాట అనేవారు. ఆ రెండు మాటలకూ మధ్య ఎక్కడో ఒకచోట సరుకు చేతులు మారేది. అది చూస్తూ పెరిగాను కాబట్టి లోకంలో ప్రతిదానికీ అలాంటి మధ్యచోటు ఒకటి ఉంటుందని గట్టిగా నమ్మాను. స్నానం చెయ్యమంటే తల తడవకుండా అయితే చేస్తాననేదాన్ని. జ్వరం వస్తే సగం మాత్రకు ఒప్పుకొమ్మని డాక్టరుగారితోనే బేరం పెట్టానట. ఆయన ఆ సంగతి చెప్పుకుని చాలాకాలం నవ్వారు. నాకు మాత్రం అందులో నవ్వడానికేముందో అర్థం కాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నేను ఎనిమిదో తరగతి చదువుతుండగా, పక్కింటి అక్క దగ్గరికి లెక్కల ట్యూషన్‌కి వెళ్ళేదాన్ని. అక్క వాళ్ళ తాతగారు, నాన్నగారు ఇద్దరూ మిషన్ బడిలో పాఠాలు చెప్పినవాళ్ళే. అక్క కూడా అప్పుడు బి.ఇడి. చదువుతోంది. ఒక శనివారం సాయంత్రం ఆవిడ నా ముందు ఒక బొమ్మ పెట్టింది. రెండు సమాంతర రేఖలు, వాటిని ఏటవాలుగా దాటుకుంటూ పోయే మూడో గీత. దాన్ని తిర్యగ్రేఖ అంటారు. పై గీత దగ్గర కోణం డెబ్భై డిగ్రీలని రాసి ఉంది. కింది గీత దగ్గర అదే వైపున్న కోణం ఎంతో మనం చెప్పాలి.

నేను కోణమానిని తీసి కొలిచాను. సరుకు చేతికి దొరికినప్పుడు తూచకుండా మాట చెప్పేవాళ్ళు మా వంశంలో లేరు. అరవై నాలుగు వచ్చింది. అచ్చువేసినవాడు గీతలు ఎలాగో గీశాడు కాబోలు. అక్క డెబ్భై అంటోంది. నేను కాసేపు ఆలోచించి, "పోనీ అక్కా, నీ మాట వద్దు, నా మాట వద్దు. అరవై ఏడు వేసుకుందాం" అన్నాను.

అక్క నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఇదేమన్నా చేపల బేరమా అమ్మలూ? ఆ రెండు గీతలూ సమాంతరం అన్నాడు. అన్నాక ఇక్కడ డెబ్భై అయితే అక్కడా డెబ్భయ్యే. ఇటుపక్కది నూటపది. ఒక్క కోణం తెలిస్తే ఎనిమిదీ తెలిసిపోయినట్టే. కొలవక్కర్లేదు, అసలు చూడక్కర్లేదు."

"ఒకవేళ అక్కడ డెబ్భై లేకపోతే?"

"లేకపోతే గీతల్లో ఏదో ఒకటి ఒరిగిపోయిందన్నమాట."

ఆ మాటను నేను గిరాకీ లేని సరుకులా ఒక మూలకు తోసేసి ఇంటికి వచ్చేశాను.

ఇక మా నాయనమ్మ సంగతి చెప్పాలి. ఆవిడది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. బేరంలో మా నాన్నకు గురువు. నేను చూసేనాటికి మోకాళ్ళు పూర్తిగా పోయాయి. ఇద్దరు పట్టుకుంటే తప్ప మెట్లు దిగలేదు. సుగర్ వ్యాధి కూడా ఉండేది. రోజూ పొద్దున్న ఇన్సులిన్ సూది తనే పొడుచుకునేది. వంటిల్లు మా అమ్మ చేతిలోకి వెళ్ళిపోయింది, కొట్టు మా నాన్న చేతిలోకి వెళ్ళిపోయింది, ఆవిడ చేతిలో మిగిలింది ఆ సూది ఒక్కటే. దాన్ని వేరేవాళ్ళు పట్టుకుంటే ఒప్పుకునేది కాదు. చూపు ఆనక సూది మీద గీతలు కనబడేవి కావు కాబట్టి మందు ఎక్కించే పని మాత్రం నాది. గీత దగ్గరికి వచ్చాక "ఆఁ" అనాలి. పొడుచుకోవడం ఆవిడ పని.

దీనికి మా అమ్మ ఒక కట్టడి పెట్టింది. తినేది పళ్ళెంలో పెట్టి, ఆ పళ్ళెం నాయనమ్మ ఎదుట ఉంచాకే సూది తియ్యాలి. మందు ఒంట్లోకి వెళ్ళాక తిండి ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు భయపెట్టారట. నాయనమ్మ దొంగచాటుగా తింటోందని పంచదార డబ్బాను అటక మీదికి ఎక్కించింది కూడా మా అమ్మే.

ఆ శనివారం తెల్లారి ఆదివారం. నాన్న ఉల్లిపాయలకని చీకటితోనే తాడేపల్లిగూడెం వెళ్ళారు. అమ్మ వాళ్ళ చెల్లెల్ని చూడటానికి మొదటి బస్సుకు ముదినేపల్లి బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ, "బండి దగ్గర ఇడ్లీ తెచ్చి, పళ్ళెంలో పెట్టి, అప్పుడు సూది. గుర్తుందా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ తల ఊపాను.

తొమ్మిదింటికి టీవీలో సినిమా ఉంది. నేను లెక్కలు వేసుకున్నాను. సూదికీ తిండికీ మధ్య అరగంట ఉండాలని డాక్టరుగారే అన్నారు. ఇడ్లీ తెచ్చాక సూది వేస్తే ఆ అరగంట ఊరికే కూర్చోవాలి. ముందే వేసేస్తే నేను వెళ్ళి వచ్చేలోపు ఆ అరగంట కాస్తా అయిపోతుంది. నాయనమ్మ ముందు ఈ సంగతి పెట్టాను. ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "మీ అమ్మ చంపుతుందే" అంది. బండి ఆయన దగ్గర అల్లప్పచ్చడి ఎక్కువ వేయించుకొస్తానని ఆశ పెట్టాను. అల్లప్పచ్చడి అంటే ఆవిడకు ప్రాణం. బేరం కుదిరింది. మందు ఎక్కించి "ఆఁ" అన్నాను. ఆవిడ పొడుచుకుంది.

మా మెట్ల కింద, వీధి వైపు, పక్కకు లాగితే ముడుచుకుపోయే ఇనుప గేటు ఉండేది. పాత కొట్ల ముందు చూసే ఉంటారు. నిలువు పట్టీలు వరుసగా నిలబడి ఉంటాయి, వాటి మీదుగా ఏటవాలు పట్టీలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటాయి. కింది ఏటవాలు పట్టీ మీద కాలు పెట్టి, గేటుతో పాటు జారుకుంటూ పోవడం నాకు బండి ఎక్కినంత సరదా. వద్దని అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. ఆ పొద్దున్న చెప్పేవాళ్ళు లేరు. ఎక్కి, జారి, గేటు మూశాను. పైన ఎక్కడో "టక్" మంది. పట్టించుకోలేదు. అమ్మ చెప్పినట్టే బయట తాళం వేసుకుని వెళ్ళాను. ఆవిడ చెప్పినవాటిలో ఆ రోజు నేను విన్నది అదొక్కటే.

బండి దగ్గర ఆదివారం జనం. నా వంతు వచ్చాక అల్లప్పచ్చడి కోసం పోరు మొదలుపెట్టాను. ఆయన ఒక గరిటె వేస్తే రెండో గరిటె అడిగాను. రెండోది వేస్తే, అది కారప్పొడి బదులు వేసింది, అల్లప్పచ్చడి వేరే వెయ్యాలి అన్నాను. వెనక ఉన్నవాళ్ళు గొణుక్కున్నారు. చివరికి ఆయన దణ్ణం పెట్టి మూడో గరిటె వేశాడు. పది నిమిషాల పనికి దాదాపు అరగంట పట్టింది. గెలిచిన మొహంతో ఇంటికి వచ్చాను.

తాళం వచ్చింది. గేటు రాలేదు.

బెత్తెడు జరిగి ఆగిపోయింది. మళ్ళీ లాగాను. కదల్లేదు. ఆ బెత్తెడు సందులో దూరదామని చూశాను. మా ఇంట్లో సందుల్లో పట్టే ఒళ్ళు ఎవరికీ లేదు. తలకాయే పోలేదు. పైనుంచి నాయనమ్మ గొంతు వినబడింది. మెట్ల చివర పీట వేసుకుని కూర్చుంది కానీ మెట్లు మధ్యలో మలుపు తిరుగుతాయి కాబట్టి కనబడదు. "ఏమే, గేటుతో కూడా బేరం పెట్టావా?" అని నవ్వింది.

నా కేకలకు ఎదుటి చెప్పుల షాపు బాబాయి పరుగెత్తుకొచ్చారు. ఆయన లాగారు. దారిన పోయే ఇద్దర్ని పిలిచారు. ముగ్గురూ కలిసి లాగారు. లాగిన కొద్దీ అది బిగిసింది. ఆ బెత్తెడు సందు మూడు వేళ్ళయింది. ఒకాయన కిందనే పట్టేసిందన్నాడు, ఒకాయన కాదు మధ్యలో అన్నాడు. వెల్డింగ్ ఆయన్ని పిలుద్దామంటే, ఆదివారం కదా, వల భుజాన వేసుకుని కొల్లేరు వైపు వెళ్ళిపోయాడట. డాబా మీదినుంచి దిగుదామంటే ఆ తలుపు లోపల గడియ. కిటికీలన్నిటికీ ఊచలు. మూల మీది ఎస్టీడీ బూత్ నుంచి నాన్న సెల్లుకు చేస్తే పలకలేదు. కొట్టు షట్టరు తాళం నాన్న దగ్గరే ఉంది. ఆ షట్టరు వెనక పంచదార బస్తాలు, బెల్లం దిమ్మలు. ఊళ్ళో సగం మందికి తీపి అమ్మే ఇంట్లో, పైన మా నాయనమ్మకు చిటికెడు పంచదార లేదు.

ఇడ్లీ పొట్లం ఆ సందులోంచి పైకి విసిరాను. మలుపు దాకా వెళ్ళి గోడకు తగిలి విచ్చిపోయింది. మూడు గరిటెల అల్లప్పచ్చడీ గోడమీద కారింది.

"చెమటలు పోస్తున్నాయే" అంది నాయనమ్మ. కాసేపటికి "ఒంట్లో వణుకుగా ఉందే" అంది. లేచి వంటింట్లోకి వెళ్ళమని అరిచాను. లేవలేకపోతున్నానంది. ఆ తర్వాత నన్ను నా పేరుతో కాకుండా ఎప్పుడో పోయిన వాళ్ళ చెల్లెలి పేరుతో పిలవడం మొదలుపెట్టింది. పడవ కట్టేశావా, నీళ్ళు పెరుగుతున్నాయి అంటోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. అవతల నాయనమ్మ, ఇవతల నేను, మధ్యన మూడు వేళ్ళ సందు. ఆ వయసులో నా దగ్గర ఉన్న విద్య ఒక్కటే, మాట్లాడి ఒప్పించడం. ఇనుము ముందు అది ఏ పనికీ రాలేదు. అయినా ఊరుకోలేదు. మా దేవుళ్ళందరికీ తలా ఒకటి మొక్కుకున్నాను. అంతలో తెల్లచీరలో, చేతిలో బైబిలుతో చర్చికి బయలుదేరిన అక్క కనబడితే, అక్క వాళ్ళ దేవుడికీ ఒకటి మొక్కాను.

అక్క వచ్చి సంగతి విని, మొదట తన ఇంట్లోంచి పంచదార నీళ్ళ గ్లాసు తెప్పించి పక్కన పెట్టింది. తర్వాత గేటు ముందు నిలబడింది. "లాగకండి బాబాయిగారూ. అందరూ ఒక్క నిమిషం వదిలేయండి."

"ప్రాణం పోయేలా ఉంటే వదిలేయమంటావేంటమ్మా టీచరమ్మా!"

"ఎక్కడ పట్టేసిందో తెలీకుండా లాగితే ఇంకా బిగుస్తుందండీ. చక్రాలు పైన ఉన్నాయి, కొట్టు బోర్డు వెనక. అక్కడ ఏమైందో మనకి కనబడదు. కనబడేచోటనుంచే తెలుసుకోవాలి."

అక్క నావైపు తిరిగింది. దారిలో పడి ఉన్న న్యూస్‌పేపర్ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. గోడలో పాతేసిన మొదటి నిలువు పట్టీ చూపించింది. "ఇది ఒరగదు. ఇది మనకి తెలిసిన కోణం. ఈ ఏటవాలు పట్టీ దీన్ని దాటేచోట కాగితం మూలలో పెట్టి, అదే వాలుకు మడువు. అదే పట్టీ మిగతా నిలువులన్నిటినీ దాటుకుంటూ పోతోంది కదా. అవన్నీ సమాంతరంగా ఉంటే ప్రతిచోటా ఈ మడత సరిపోవాలి. ఏది సరిపోలేదో చెప్పు. నీ వేళ్ళు సన్నం, సందుల్లో పడతాయి."

ఆ గేటు నేను పుట్టినప్పటినుంచీ అక్కడే ఉంది. అది శనివారం చూసిన బొమ్మేనని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

మడిచాను. తొందరలో రెండుసార్లు పాడైంది. మూడోసారి కుదిరింది. రెండో నిలువు దగ్గర పెట్టాను. సరిపోయింది. మూడోది కూడా సరిపోయింది. పైన నాయనమ్మ మాటలు ఆగిపోయాయి. నాలుగో దాని దగ్గర పెట్టాను. కాగితానికీ ఇనుముకూ మధ్య బియ్యపుగింజ మందాన వెలుతురు కనబడింది. దాని పక్కనే, కింది ఏటవాలు పట్టీ మీద, మట్టితో నా చెప్పు అచ్చు ఉంది. పొద్దున్న నేను ఎక్కి నిలబడింది సరిగ్గా అక్కడే.

"సరిపోయిందా, లేదా?" అంది అక్క.

చెప్పడానికి సిగ్గుపడాలి కానీ, ఇంత దూరం వచ్చి అబద్ధమెందుకు. పైన మా నాయనమ్మ ప్రాణం అలా ఉండగా, నా చెప్పు అచ్చు ఎవరైనా చూస్తారేమోనని భయపడ్డాను. "కొంచెం..." అన్నాను.

"పాత గేటు కదండీ, ఆ మాత్రం తేడా ఉంటుంది. తర్వాతది చూడమ్మా" అన్నారు బాబాయి. ఆయన నాకు దారి ఇస్తున్నారు. ఆ దారిలో పోతే సరి, ఇంకెవరూ నన్ను అడగరు.

అక్క కదల్లేదు. "కొంచెం అనేది లేదమ్మలూ. సరిపోయిందా, లేదా?"

"సరిపోలేదు. నేను దీనిమీదే ఎక్కాను అక్కా" అన్నాను. ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. ఎలా వచ్చిందో వచ్చింది.

ఆ తర్వాతదంతా ఎంతసేపు పట్టిందో నాకు గుర్తులేదు. బాబాయి తన షాపులోంచి గునపం తెచ్చి నాలుగో పట్టీ కింద దూర్చి పైకి లేపారు. అక్క దాన్ని గోడవైపు తోసింది. పైన బోర్డు వెనక "టక్" మంది, అచ్చం పొద్దున్న విన్న చప్పుడే. ముగ్గురు మగవాళ్ళకు లొంగని గేటు అక్క ఒక్క చేత్తో లాగితే వచ్చేసింది.

నాయనమ్మ గోడకు ఒరిగిపోయి ఉంది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. గ్లాసు నోట్లో పొయ్యబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది, పొలమారుతుందని. గ్లాసు అడుగున కరగని తడి పంచదార వేలితో తీసి కొద్దికొద్దిగా బుగ్గ లోపల రాసింది. రాస్తూనే ఉంది. మేం చెయ్యగలిగింది అంతే. మిగతాది మా చేతిలో లేదు. కింద చర్చి గంట మోగి ఆగిపోయింది. అక్క అటు చూడను కూడా లేదు.

చాలాసేపటికి నాయనమ్మ రెప్పలు కదిలాయి. నా మొహం చూసింది. గుర్తుపట్టింది. "అల్లప్పచ్చడి ఎక్కువ వేయించావా?" అంది.

నేను ఏడుపు మొదలుపెట్టాను.

సాయంత్రం అమ్మ వచ్చింది. పళ్ళెం ఎదుట లేకుండా సూది ఎలా వేసుకున్నారని నాయనమ్మను నిలదీసింది. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. నాయనమ్మ నావైపు చూడకుండానే, "నేనే తొందరపడి పొడుచుకున్నానే. పిల్ల వద్దంటూనే ఉంది" అంది. ఆ మాట నిజం కాదని చెప్పడానికి నాకు నోరు ఉంది. ఊళ్ళో నా నోటికి ఉన్న పేరు ఇంకెవరి నోటికీ లేదు. అది తెరుచుకోలేదు.

మర్నాడు ట్యూషన్‌లో అక్క పుస్తకం తెరవకుండా, మెల్లగా అంది. "మామ్మగారికి సూది మీద గీత కనబడదు. మరి మందు ఎవరు ఎక్కించారు?" నేను బల్లమీద గీతలు చూస్తూ కూర్చున్నాను. తెలిసినదాన్ని బట్టి తెలియనిది చెప్పడం ఆవిడకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? "నేను మీ అమ్మగారికి చెప్పను. అది నువ్వు చెప్పుకోవాల్సింది" అంది. అప్పుడు కూడా నాలోని బేరాల మనిషి ఊరుకోలేదు. గేటు సంగతి చెప్తానని, సూది సంగతి ఇంకోసారి చెప్తానని అన్నాను. అక్క పుస్తకం తెరిచింది. గేటు సంగతి అమ్మకు చెప్పాను. వీపు మీద నాలుగు పడ్డాయి. ఆ ఇంకోసారి అన్నది రాలేదు.

ఆ వారంలోనే అమ్మ సూది పెట్టెను బీరువాలో పెట్టేసింది. ఆవిడకది కోపం కాదు, భయం. రోజూ పొద్దున్న కాంపౌండరు ఒకాయన వచ్చి సూది వేసి వెళ్ళేవాడు. నాయనమ్మ పరాయివాళ్ళకు చెయ్యి చాపినట్టు చెయ్యి చాపి, మొహం గోడవైపు తిప్పుకునేది. తనదని చెప్పుకోవడానికి ఇంట్లో మిగిలిన ఒక్కటీ అలా పోయింది. ఆవిడ ఇంకా ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళలో ఒక్కనాడు కూడా నన్ను దెప్పలేదు. ఒకసారి మాత్రం, కాంపౌండరు మెట్లు దిగి వెళ్ళాక, తల నిమురుతూ, "నీ బేరం బాగానే కుదిరిందే" అంది. నవ్వుతూనే అంది.

ఇప్పుడు ఆ కొట్టులో నేను కూర్చుంటున్నాను. బేరం మానలేదు, మానితే కొట్టు నడవదు. పిల్లలు లెక్కల పుస్తకం తెచ్చి కోణాలు అడిగితే వీధిలోకి తీసుకెళ్ళి గేటు చూపిస్తాను. అది ఇంకా ఉంది. మా అమ్మకు కళ్ళజోడు పెట్టుకుంటే బాగానే కనబడుతుంది. నేను రాసిన ఇది కూడా చదువుతుంది. సూది మీద గీత సంగతి ఆవిడకు ఏనాడో తట్టే ఉంటుందని నా అనుమానం. అయినా నేను చెప్పడం వేరు కదా.

నాయనమ్మ జబ్బు నాకూ వచ్చింది. రోజూ పొద్దున్న పళ్ళెంలో ఇడ్లీ పెట్టుకుని, దాని ఎదుట కూర్చుని, కిటికీ వెలుతురులో సూది పైకెత్తి పట్టుకుంటాను. మందు గీత దగ్గరికి వస్తుంది. సరిపోయిందా, లేదా అని పైకే అడుగుతాను. బియ్యపుగింజంత అటూఇటూ ఉన్నా వెనక్కి నెట్టి మళ్ళీ ఎక్కిస్తాను. ఇడ్లీ చల్లారిపోతుంది. చల్లారనీ.